కొరాబరేట్ అంటే ధ్రువీకరించడం కాదు

“అప్రూవర్ వాంగ్మూలాన్ని కాల్ డేటా ధ్రువీకరించింది.” నేరవార్తల పేజీలో ఇలాంటి వాక్యం మనకు కొత్త కాదు (అప్రూవర్ అంటే నేరంలో పాల్గొని ప్రభుత్వ సాక్షిగా మారినవాడు). ఇంగ్లీషు కాపీలో ఆ చోట ఉండే క్రియ కొరాబరేట్ (corroborate). రాత్రి పేజీ వదిలే హడావిడిలో ఉన్న సబ్‌ఎడిటర్ నిఘంటువు తీస్తే బలపరచు, దృఢపరచు, ధ్రువపరచు అని అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. వాటిలో ఏది గంభీరంగా ఉంటే అది పడిపోతుంది.

ఒక్క మాటకు ఇంత పట్టింపా అనొచ్చు. కానీ ఆ వాక్యం చెబుతున్న పని అసలు జరగలేదు. కాల్ డేటా ఏ వాంగ్మూలాన్నీ ధ్రువీకరించలేదు. ఫలానా సిమ్ వేసిన ఫోను ఫలానా టైముకు ఫలానా టవరు పరిధిలో ఉందని చెబుతుంది, అంతే. పల్లెల్లో ఒక టవరు పరిధి కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. ఆ ఫోను ఎవరి జేబులో ఉందో, ఆ జేబుగలవాడు అక్కడేం చేశాడో టవరుకు తెలీదు. పైగా ఆ డేటాకు భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద సర్టిఫికెట్ జతచేయకపోతే (పాత చట్టంలో ఇది 65బి) ఆ ప్రింటౌట్లు మామూలుగా సాక్ష్యంలోకే రావు. వార్త చదివినవాడు మాత్రం ఆ పూటే కేసు తేల్చేసుకుంటాడు. మూడేళ్ల తర్వాత కోర్టు కొట్టేస్తే, “అన్నీ ధ్రువీకరించాక కూడా వదిలేశారు చూశావా” అంటాడు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ధ్రువీకరించడంతో విషయం తేలిపోతుంది, కొరాబరేట్ చేయడంతో తేలదు. అప్పటికే ఉన్న ఒక మాటకు, దానితో సంబంధం లేని చోటు నుంచి వచ్చిన ఇంకో ఆధారం కొంత బలం చేకూరుస్తుంది. ఎంత బలం, ఏ అంశం మీద అన్నది ప్రతిసారీ విడిగా చూసుకోవాల్సిందే.

ఇంగ్లీషులోనే ఈ తేడాకు మనకు బాగా తెలిసిన మాట ఉంది: కన్ఫర్మ్. వెయిటింగ్ లిస్టు టికెట్టు కన్ఫర్మ్ అయిందంటే బెర్తు మనదే, ఇక చర్చ లేదు. కొరాబరేట్ అయిన టికెట్టు అని ఎవరూ అనరు. వెరిఫై వేరు: నిజమా కాదా అని సరిచూడటం, ఫలితం ఎటైనా రావచ్చు. అటెస్ట్ ఇంకో పని: ఈ సంతకం నా ఎదుటే పెట్టారని గెజిటెడ్ అధికారి చెప్పడం. ఈ మూడింటికీ పక్కన రెండో ఆధారం ఉండాలన్న నియమం లేదు. కొరాబరేట్‌కు ఉంది. ముందొకటి ఉంటేనే ఈ క్రియకు పని. మొదటి సాక్షి నోరు విప్పకముందే రెండో సాక్షి దేన్నీ కొరాబరేట్ చేయలేడు.

కన్ఫర్మ్, కొరాబరేట్ అనే రెండు మాటలు కలిసిపోతే వచ్చే చిక్కు మనకొక్కళ్లకే వచ్చింది కాదు. కార్ల్ పాపర్ 1934లో జర్మన్‌లో రాసిన సైన్స్ తత్వశాస్త్ర గ్రంథంలో ‘బేవేరుంగ్’ అనే మాట వాడాడు. సిద్ధాంతం గట్టి పరీక్షలను తట్టుకుని ఇప్పటిదాకా నిలబడిందని దాని భావం. ఇంకో తత్వవేత్త కార్నాప్ దాన్ని ఇంగ్లీషులో కన్ఫర్మేషన్ అన్నాడు. పాపర్ కొన్నాళ్లు ఊరుకున్నాడు గానీ, ఆ మాటకు గట్టిగా నిర్ధారించడం అనే వాసన ఉందని చివరకు ఒప్పుకోలేదు. 1959 ఇంగ్లీషు ప్రతిలో కొరాబరేషన్ అనే వాడాడు. పరీక్షలో నెగ్గిన సిద్ధాంతం రేపటి పరీక్షలో ఓడిపోవచ్చు. పాపర్ కాపాడుకోవాలనుకున్నది ఆ అవకాశాన్నే.

మాను లోపలి మాట

కొరాబరేట్‌కు మూలం లాటిన్ క్రియ కొర్రోబొరారే. అందులో రోబొరారే అంటే గట్టిపరచడం. దానికి మూలమైన నామవాచకం రోబుర్‌కు రెండర్థాలు: గట్టి జాతి ఓక్ చెట్టు, దాని కలప ఒకటి, బలం రెండోది. యూరప్‌లో మామూలుగా కనిపించే ఓక్‌కు వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో పెట్టిన పేరు క్వెర్కస్ రోబర్. రోబస్ట్ అనే మాట కూడా ఈ ఇంటి బిడ్డే. లాటిన్‌లో రోబుస్తుస్ అంటే మొదట ఓక్‌తో చేసినది, తర్వాత దృఢమైనది.

రోబుర్ వెనక ఇంకా తవ్వితే ఎరుపు తగులుతుందని చాలామంది భాషావేత్తల మాట. ఓక్ లోపలి కలప ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎరుపును చెప్పే ఇండో యూరోపియన్ ధాతువు నుంచే రోబుర్ వచ్చిందంటారు. ఇంగ్లీషు రెడ్ ఆ ధాతువుదే. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న రుధిరం, రోహితం కూడా దానివే.

తెలుగువాడికి ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు, చేవ అంటే చాలు. చెట్టు మొదట్లో నీళ్లు పైకి మోసిన పొరలు వయసు పెరిగేకొద్దీ లోపలికి పడి, వాటి కణాలు చచ్చి, టానిన్లతో, జిగురు పదార్థాలతో నిండి ముదురు రంగుకు తిరుగుతాయి. అది చేవ. చుట్టూ ఉండే లేత రంగు చెక్కలో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి పురుగు ముందు దాన్నే పడుతుంది. భూమిలో పాతిన గుంజ కొన్నేళ్లకు తీసి చూస్తే పైచెక్క పొడిగా రాలిపోతుంది, మధ్యలో చేవ మిగులుతుంది. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలు తెల్లచెక్కను గొడ్డలితో అక్కడే చెక్కేసి ఎర్రటి చేవను మాత్రమే భుజానికెత్తుకునేది కూడా అందుకే, ధర పలికేది దానికే. చేవగల పిల్లాడు, చేవ చచ్చిన సర్కారు అంటాం. లాటిన్‌వాడు ఓక్ నుంచి బలానికి నడిచిన దారిలోనే మనవాళ్లు చేవ నుంచి దమ్ముకు నడిచారు. ఎవరూ ఎవర్నీ చూసి రాసుకోలేదు, ఇద్దరూ చెట్లు కొట్టారు.

ముందున్న ‘కొర్’ సంగతి. అది నిజానికి ‘కొమ్’. రకారం ముందు మకారం కూడా రకారమైపోయింది, మనకు ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టు. స్పెల్లింగులో మొదట రెండు ఆర్‌లు ఎందుకో, ఆ తర్వాతి ఆర్ ఎందుకు ఒంటరిదో ఈ సంధి తెలిస్తే మర్చిపోరు. ‘కొమ్’కు కలిసి అని అర్థం ఉంది కాబట్టి, కొరాబరేట్ అంటే కలిసి బలపరచడం, ఇద్దరు సాక్షులు భుజం భుజం కలపడం అని కొందరు అందంగా చెబుతారు. అందంగానే ఉంది గానీ నాకు నమ్మకం తక్కువ. లాటిన్ క్రియల ముందు ఈ ఉపసర్గ చాలాచోట్ల బాగా, పూర్తిగా అని ఒత్తి చెప్పడానికే వస్తుంది. ఇక్కడా అంతే అయ్యుండాలి.

వ్యుత్పత్తిని పట్టుకుని అర్థాన్ని శాసించేవాళ్లంటే నాకు అనుమానమే. ఈ మాటే అందుకు సాక్షి. పదహారో శతాబ్దిలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి ఆధారాలతో పని తక్కువ. చట్టబద్ధంగా ఖాయం చేయడం అనే అర్థం ఉండేది, శరీరానికి బలమివ్వడం అనే అర్థమూ ఉండేది. నీరసానికి ఇచ్చే మందులను వైద్యులు కొరాబరెంట్లు అనేవారు, మనం బలానికి టానిక్ అన్నట్టు. సాక్ష్యంతో బలపరచడం అనే నేటి అర్థం కుదురుకున్నది పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో. అంటే ఈ మాట ఒకప్పుడు నిజంగానే ఖాయం చేయడానికి దగ్గరగా తిరిగింది. కాబట్టి ధ్రువీకరించు అనేవాళ్లది పూర్తిగా గాలివాటు తప్పు కాదు, మూడొందల ఏళ్లు ఆలస్యంగా వచ్చారు, అంతే.

ఉచ్చారణ గురించి ఒక ముక్క: ఒత్తు రెండో అక్షరం మీద పడాలి, అక్కడి రకారం స్పష్టంగా పలకాలి. లేకపోతే మన నోట కొలాబరేట్‌తో కలిసిపోతుంది. ఇద్దరు సాక్షులు కొలాబరేట్ చేశారంటే కూడబలుక్కున్నారని. ప్రాసిక్యూషన్‌కు అంతకన్నా చెడ్డవార్త ఉండదు.

పాతికసార్లు చెబితే పాతిక సాక్ష్యాలా?

ఈ క్రియకు ప్రాణం స్వతంత్రతలో ఉంది. రెండో ఆధారం మొదటిదాని కడుపులోంచే పుట్టి ఉంటే లెక్కకు రాదు. 1929 నాటి వైట్‌హెడ్ కేసులో ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి హ్యూవర్ట్ దీన్ని వెటకారంగా చెప్పాడు. బాధితురాలు తర్వాత ఇంకొకరికి చెప్పిన మాటనే కొరాబరేషన్‌గా ఒప్పుకుంటే, ఆమె తన కథను పాతికసార్లు చెబితే పాతిక కొరాబరేషన్లు వచ్చినట్టేనా అన్నాడు.

మన చట్టం దగ్గర ఇక్కడే ఒక మెలిక ఉంది. దాన్ని దాటేస్తే నా వాదన నిజాయితీగా ఉండదు. 1872 సాక్ష్య చట్టం 157వ సెక్షన్ (కొత్త అధినియమంలో 160) ప్రకారం, సాక్షి తానే సంఘటన జరిగినప్పుడో, ఆ దగ్గరి సమయంలోనో, లేదా విచారించే అధికారం ఉన్నవారి ముందో చెప్పిన పాత మాటను అతని నేటి సాక్ష్యాన్ని కొరాబరేట్ చేయడానికి వాడుకోవచ్చు. అంటే మనిషి తన్ను తానే బలపరచుకోవచ్చు! 1951లో రామేశ్వర్ వర్సెస్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారినే పట్టింది. ఎనిమిదేళ్ల పాప ఇంటికొచ్చి తల్లికి చెప్పిన మాట కొరాబరేషన్ కిందికి వస్తుందంది. తీర్పు రాసినది జస్టిస్ వివియన్ బోస్.

మరి స్వతంత్రత ఎక్కడ పోయింది? నా లెక్కలో ఎక్కడికీ పోలేదు. ఆ పాత మాట బలపరిచేది ఒక్క అంశాన్నే: ఈ కథ తర్వాత ఎవరో నేర్పినది కాదు, అప్పుడే పుట్టింది అన్నదాన్ని. వకీలు క్రాస్‌లో “ఇదంతా స్టేషన్లో చెప్పించారు కదా” అని అడిగితే దానికి అది జవాబు. అంతకు మించి దాన్ని సాగదీస్తే హ్యూవర్ట్ వెటకారం మనకూ తగులుతుంది. ఎఫ్ఐఆర్ బతుకూ ఇదే. దానంతట అది సాక్ష్యం కాదు, ఇచ్చినవాడు బోనెక్కితే అతని మాటను బలపరచడానికో, తప్పుపట్టడానికో పనికొస్తుంది. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలాల విషయంలో మాత్రం చట్టం అంత ఉదారంగా లేదు. డిఫెన్స్ వాటితో సాక్షి మాటను ఖండించవచ్చు గానీ, ప్రాసిక్యూషన్ వాటితో తన సాక్షిని బలపరచుకోలేదు (పాత సీఆర్పీసీలో 162, ఇప్పటి నాగరిక సురక్ష సంహితలో 181). రాసినవాడే తూకం వేయకూడదని ఆ జాగ్రత్త.

కోర్టు బయట ఈ పరీక్ష మనం రోజూ తప్పుతాం. నాలుగు పత్రికల్లో వచ్చిందంటాం. నాలుగూ ఒకే ఏజెన్సీ కాపీని నాలుగు రకాలుగా విరిచి వేసుకుంటే అది ఒక్క ఆధారమే. ఒకే ఫార్వర్డు కాలనీ గ్రూపు నుంచి, అమెరికాలో ఉన్న బావగారి నుంచి, పిల్లల స్కూలు గ్రూపు నుంచి వస్తే, “అందరూ అంటున్నారు” అనిపిస్తుంది. అన్నది ఒక్కడు. మిగతావాళ్లు మోశారు.

ఇంకో వింత కూడా గమనించాలి. మనకో సామెత ఉంది, అబద్ధం చెప్పినా అతికినట్టు ఉండాలని. కోర్టుకు భయం సరిగ్గా ఆ అతుకంటేనే. ఇద్దరు సాక్షులు అదే వరసలో, అవే మాటల్లో, చిలక పలుకుల్లా చెబితే అనుమానం పెరుగుతుంది. 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు, జ్ఞాపకమంటే బుర్రలో వీడియో టేపు తిప్పడం కాదని చెప్పి చిన్న చిన్న తేడాలను పట్టించుకోవద్దంది. దూరం యాభై అడుగులా డెబ్భయ్యా అన్న దగ్గర తేడా రావడం సహజం. ముద్దాయి చేతిలో ఉన్నది కత్తా కర్రా అన్న దగ్గర తేడా వస్తే అది వేరే సంగతి.

ట్రాన్స్‌ఫార్మర్ దొంగలు

ఏ అంశానికి బలం అన్న ప్రశ్నను ఊహకేసుతో చూద్దాం. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దింపి, ఆయిల్ పారబోసి, రాగి చుట్టలు ఎత్తుకెళ్లారు. ముగ్గురు పట్టుబడ్డారు, ఒకడు అప్రూవర్‌గా మారాడు. అతను చెప్పిన కథ ఇది: రాత్రి ఒంటిగంటకు ఫ్యూజులు పీకాం, బోల్టులు విప్పాం, చిన్న ట్రాలీలో వేసుకుని పొరుగు టౌనులో పాత ఇనుము కొట్టువాడికి అమ్మాం, మాతో పాటు సూరిగాడు కూడా ఉన్నాడు.

పోలీసులు పొలానికి వెళ్లి చూస్తే ఫ్యూజులు పీకే ఉన్నాయి, ఆయిల్ ఇంకిన మన్ను ఉంది, బోల్టులు అతను చెప్పిన చోటే పడున్నాయి. “అప్రూవర్ చెప్పిందంతా నిజమే” అనిపిస్తుంది. నిజమే, అయితే ఏమిటి? దొంగతనం చేసినవాడికి దొంగతనం ఎలా జరిగిందో తెలియక ఎవరికి తెలుస్తుంది? 1837లో ఫార్లర్ కేసులో ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ అబింజర్ అన్నది ఇదే. నేరంలో పాల్గొన్నవాడు జరిగింది జరిగినట్టు ఎప్పుడైనా చెప్పగలడు, మనుషుల్ని గుర్తుపట్టించే చోట బలం లేకపోతే అది కొరాబరేషనే కాదన్నాడు. కథంతా ఉన్నదున్నట్టు చెప్పి, తన తమ్ముడి పేరు తీసి ఆ స్థానంలో సూరి పేరు పెట్టడానికి అప్రూవర్‌కు పట్టే కష్టం ఎంత?

కాబట్టి సూరికి సంబంధించి బలం కావాలి. 1916లో ఇంగ్లండులో వచ్చిన బాస్కర్‌విల్ తీర్పు నుంచి కోర్టులు అడుగుతున్నది అదే: ముద్దాయిని నేరంతో ముడిపెట్టే, లేదా ముడిపెట్టేలా ఉండే, స్వతంత్ర సాక్ష్యం. పెట్రోలు బంకు కెమెరాలో ఆ ట్రాలీ తొట్టిలో సూరి కూర్చుని కనిపిస్తే మంచిదే. ట్రాలీ ఒక్కటే కనిపిస్తే అది ట్రాలీకి బలం, సూరికి కాదు. కొట్టువాడు సూరిని గుర్తుపడితే? కాస్త ఆగాలి. దొంగసొత్తని తెలిసి కొన్నట్టయితే కొట్టువాడూ మచ్చపడ్డవాడే, అతని మాటకు వేరే బలం వెతుక్కోవాలి. రెండో నిందితుడు నేరం ఒప్పుకుంటూ సూరి పేరు చెబితే? 1949లో భుబోని సాహు కేసులో, అప్పటికి మన చివరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ ఈ దారి మూసేసింది: సహనిందితుడి ఒప్పుకోలుతో అప్రూవర్ మాటను నిలబెట్టలేరు. ఇక సూరి ఇంటి వెనక రాగి దొరికిందని, సోదాకు సాక్షులుగా నిలిచిన మధ్యవర్తుల నివేదిక ఉందనుకోండి. విలువైనదే, మధ్యవర్తులు బోనులో అడ్డం తిరక్కపోతే. ఆ రాగి ఈ ట్రాన్స్‌ఫార్మర్‌దేనని చూపగలగాలి కూడా. చుట్టలు తెగ్గొట్టి కాల్చేశాక అదేమంత తేలిక కాదు.

ఇలా లెక్క వేస్తే ఐదారు ఆధారాలున్న కేసులో సూరి దాకా వచ్చేది ఒకటో రెండో. “వాంగ్మూలాన్ని ధ్రువీకరించాయి” అనే వాక్యం ఈ లెక్కనంతా మింగేస్తుంది.

అప్రూవర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న మార్పు చెప్పకుండా ఉండలేను. పాత చట్టం 133వ సెక్షన్, నేరంలో భాగస్వామి మాటకు కొరాబరేషన్ లేకపోయినా ఆ మాట మీద వేసిన శిక్ష చట్టవిరుద్ధం కాదనేది. పక్కనే 114(బి) దృష్టాంతం, అలాంటివాడి మాటను ముఖ్యాంశాల్లో బలం లేనిదే నమ్మరాదని కోర్టు అనుకోవచ్చనేది. ఈ రెంటినీ కలిపి చదవడానికి నూటయాభై ఏళ్ల తీర్పులు ఖర్చయ్యాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన అధినియమం 138వ సెక్షన్లో ‘అన్‌కొరాబరేటెడ్’ పోయి ‘కొరాబరేటెడ్’ వచ్చింది. రెండక్షరాల ఇంగ్లీషు ఉపసర్గ తీసేయడంతో సెక్షన్ తలకిందులైంది. తెలుగు అనువాదంలో ఇక్కడ ధ్రువీకరించిన అని పడితే ఏమవుతుందో ఆలోచించండి. ముందే ధ్రువపడిపోయిన సాక్ష్యం మీద శిక్ష వేస్తే తప్పు కాదని చెప్పడానికి సెక్షన్ ఎందుకు?

పుచ్చుకర్రకు చేవ పట్టదు

బలపరచడం గురించి ఇంత చెప్పాక ఎదురు ప్రశ్న: బలం లేని సాక్ష్యానికేగా బలం కావాలి? కాదంటాడు ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ మోరిస్, 1972లో హెస్టర్ కేసులో. లోపమున్న, అనుమానించదగ్గ సాక్ష్యానికి చెల్లుబాటు తెచ్చిపెట్టడం కొరాబరేషన్ పని కాదు, నమ్మదగ్గ సాక్ష్యాన్ని గట్టిపరచడమే దాని పని. ఆయన అక్కడ వాడిన క్రియ కన్ఫర్మ్. నా వాదనకు ఇబ్బందే, ఒప్పుకుంటాను. ఇంగ్లీషు న్యాయమూర్తులే రెండు మాటల్నీ కలిపి వాడేస్తుంటే తెలుగు సబ్‌ఎడిటర్‌ను తప్పుపట్టడమెందుకనొచ్చు. జవాబు ఏమిటంటే, ఆయనకు నాలుగు పేజీల చోటు ఉంది, అర్థాన్ని చుట్టూ కట్టడి చేసుకున్నాడు. హెడ్డింగుకు ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర 1957లో వడివేలు తేవర్ కేసు దీన్ని ఇంకా తేటగా చెప్పింది. సాక్షులు మూడు రకాలు: పూర్తిగా నమ్మదగ్గవారు, అసలు నమ్మరానివారు, అటూ ఇటూ కానివారు. మొదటి రకానికి కొరాబరేషన్ అక్కర్లేదు. రెండో రకానికి ఉన్నా లాభం లేదు. దాని అవసరమంతా మూడో రకం దగ్గరే. సాక్ష్యాన్ని తూచాలి గానీ లెక్కపెట్టకూడదంటూ, ఆ కేసులో హతుడి భార్య ఒక్కతి సాక్ష్యం మీదే శిక్ష నిలబెట్టారు. స్కాట్లండ్ దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ నేరానికి సంబంధించిన కీలకాంశాలు ఒక్క ఆధారంతో నిలబడవు, రెండోది ఉండాల్సిందే. అమెరికా రాజ్యాంగమైతే దేశద్రోహానికి, ఒకే బహిరంగ చర్యకు ఇద్దరు సాక్షులుండాలని, లేదా కోర్టులో ఒప్పుకోలు ఉండాలని రాసిపెట్టింది.

నారాయణభట్టు పరీక్ష

కోర్టు వదిలి ఇంట్లోకే వద్దాం. భారతాంధ్రీకరణలో నారాయణభట్టు తనకు తోడ్పడ్డాడని నన్నయ అవతారికలో చెప్పుకున్నాడు. కవి మాట ఒకటే. ఆ నారాయణభట్టు నిజంగా ఉన్నాడా? రాగిరేకుల మీద చెక్కిన నందంపూడి శాసనం దొరికింది. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడిని అగ్రహారంగా ఇచ్చినట్టు, ఆయన సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషల్లో కవి అన్నట్టు అందులో ఉంది. కావ్యం ఒకచోట, రాగిరేకులు ఇంకోచోట, మనిషి ఒక్కడే. సాహిత్య చరిత్రలో కొరాబరేషన్‌కు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదనిపిస్తుంది.

కానీ ఆ శాసనం రాసినదెవరు? నన్నయభట్టే. వైట్‌హెడ్ కేసు ఇక్కడ తలుపు తడుతుంది: ఒకే మనిషి రెండుసార్లు చెప్పాడు కదా! అలాగని కొట్టిపారేయలేం. కావ్యావతారికలో మిత్రుణ్ని పొగడటం వేరు, రాజు ఆజ్ఞగా ఊరి సరిహద్దులతో వెలువడే దానపత్రం వేరు. తూర్పు చాళుక్యుల రాగిరేకులను వలయానికి గుచ్చి, దాని మీద వరాహంతో ‘శ్రీ త్రిభువనాంకుశ’ ముద్ర వేసేవారు. ఆ ముద్ర కవి చేతిలోది కాదు. మధ్యయుగపు యూరప్ దానపత్రాల్లో, “దీన్ని మా ముద్రతో గట్టిపరిచాం” అని చెప్పే భాగానికి పండితులు పెట్టిన పేరు కొరొబొరాషియో అని తెలిస్తే, ఆ వలయం దగ్గర మన మాట మళ్లీ ఎదురైనట్టు ఉంటుంది.

ఇంతకీ శాసనం దేన్ని బలపరిచింది? నారాయణభట్టు ఉన్నాడన్నదాన్ని, రాజు దగ్గర మన్నన పొందిన బహుభాషాకవి అన్నదాన్ని, నన్నయ కాలంవాడే అన్నదాన్ని. భారతరచనలో తోడ్పడ్డాడన్నదానికి ఇప్పటికీ అవతారికే దిక్కు. “శాసనం నన్నయ మాటను ధ్రువీకరించింది” అని రాస్తే ఈ నాలుగో అంశం మొదటి మూడింటి వెనక దాక్కుని లోపలికి వచ్చేస్తుంది.

బలపరచుతో వచ్చే చిక్కు

సరే, ధ్రువీకరించు వద్దు, బలపరచు అందాం. దీనికీ ఇబ్బంది లేకపోలేదు. సభలో తీర్మానాన్ని ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరుస్తారు. ఆ రెండోవాడు కొత్త ఆధారమేమీ తేడు, చెయ్యెత్తుతాడు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కాబట్టి, ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి అని రాస్తాం. ఆ వాసన అంటుకుని, “వైద్య నివేదిక ఫిర్యాదిని బలపరిచింది” అంటే డాక్టరు ఒక పక్షం తీసుకున్నట్టు ధ్వనిస్తుంది. సమర్థించు ఇంకా ప్రమాదం, చేసిన పనిని వెనకేసుకొచ్చినట్టుంటుంది.

మనిషిని కర్మగా పెట్టకపోతే సగం చిక్కు తీరుతుంది. బలం చేకూరేది ఫిర్యాదికి కాదు, ఫిర్యాది చెప్పిన ఫలానా మాటకు. దెబ్బ మొద్దుబారిన వస్తువుతో తగిలిందన్న మాటకు వైద్య నివేదికతో బలం చేకూరింది అంటే ఎవరి పక్షమూ లేదు. కొట్టినదెవరో నివేదిక చెప్పలేదన్న సంగతి కూడా వాక్యంలోనే తెలిసిపోతుంది. ఊతం, దన్ను కూడా పనికొస్తాయి. నాకు చేవ ఇష్టం గానీ, సాక్ష్యానికి చేవ పట్టింది అని రాస్తే డెస్కు ఇన్‌చార్జి ఎర్రగీత కొడతాడు, అతని తప్పూ కాదు.

ఇక మొదటి వాక్యాన్ని తిరగరాద్దాం. “ఆ రాత్రి ఒంటిగంట ప్రాంతంలో సూరి ఫోను ఆ ఊరి టవరు పరిధిలోనే ఉందని కాల్ డేటా చెబుతోంది, అప్రూవర్ మాటకు అంతవరకు బలం చేకూరింది.” హెడ్డింగులో ఇదంతా పట్టదంటారు. “అప్రూవర్ మాటకు కాల్ డేటా ఊతం” అని పెట్టి చూడండి, “అప్రూవర్ వాంగ్మూలాన్ని ధ్రువీకరించిన కాల్ డేటా” కన్నా చోటు తక్కువే పడుతుంది.